రెండు థౌల పని

త్రీ నాట్ త్రీ పేరు వినని ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉండదు. ఇల్లెందు, పాల్వంచ, మణుగూరు, దుమ్ముగూడెం, చర్ల... ఈ అడవి అంచు పోలీస్ స్టేషన్లలో దశాబ్దాల తరబడి సెంట్రీ భుజాన కనిపించిన రైఫిల్ అది. దాని చప్పుడు గురించీ, అది పుట్టించిన భయం గురించీ పెద్దవాళ్లు చాలా సంగతులు చెబుతారు. కాల్చాక బోల్టు వెనక్కి లాగితే బయటికొచ్చి పడే ఇత్తడి గొట్టం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. గుండు ముందుకు పోయింది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. లోహంతో పని తెలిసినవాడికి అసలు పని ఆ గొట్టం దగ్గరే మొదలవుతుంది. పేలి ఉబ్బిన గొట్టాన్ని ఉక్కు డైలోకి నెట్టి మళ్లీ కొలతకు తెచ్చే పని ఒకటుంది. ఆ డైని ఎంతవరకు దించాలి, ఎక్కడ ఆపాలి అని తేల్చుకోవడంలో ఉన్నంత నాజూకు చాలా కొద్ది చేతిపనుల్లోనే ఉంటుంది.

కొత్తగూడెం సింగరేణి వర్క్‌షాపుల్లోనో, పాల్వంచ థర్మల్ కేంద్రంలోనో ఫిట్టర్లుగా, టర్నర్లుగా పనిచేసినవాళ్లకు ఈ కొలతలు కొత్త కాదు. అంగుళంలో వెయ్యో వంతును వాళ్లు ‘థౌ’ అంటారు. మిల్లీమీటర్లలో అది 0.025. తల వెంట్రుక మందం దాదాపు మూడు థౌలుంటుంది. ఇక్కడ చెప్పబోయే పనితనమంతా రెండు థౌల లోపల నడిచేదే.

ముందు ఇత్తడి సంగతి చూద్దాం. తూటాకు వాడేది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. ఈ పాళ్లలో కలిపిన ఇత్తడికి సాగే గుణం ఎక్కువ. ఫ్యాక్టరీలో మందపాటి గుండ్రటి బిళ్లను ముందు గిన్నెలా వంచుతారు. ఆ గిన్నెను ఒకదాని తర్వాత ఒకటి సన్నబడే డైల గుండా నెట్టి గొట్టంగా సాగదీస్తారు. ప్రతి సాగుకూ ఇత్తడి గట్టిపడుతుంది. అందుకని మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. పూర్తయిన ఆ గొట్టాన్నే కేసు అంటారు, దాని అడుగు మందంగా, గట్టిగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ గోడ పలచబడుతుంది, గుండును పట్టుకునే మెడ దగ్గర మెత్తగా ఉంటుంది. ఒకే ముక్కలో ఇన్ని రకాల గట్టిదనం కావాలనే అలా చేస్తారు. అడుగు కదలకూడదు, మెడ కదలాలి.

తూటా పేలినప్పుడు త్రీ నాట్ త్రీ కేసు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 49,000 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. ఆ క్షణంలో ఇత్తడి గోడ ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబర్ ఉక్కు గోడకు అతుక్కుపోతుంది. మంట, వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి కంటి వైపు, రాకుండా సీలు వేసేది ఆ అతుకే. ఒత్తిడి పడిపోగానే ఇత్తడి కాస్త ముడుచుకుంటుంది కాబట్టి కేసు ఊడి వస్తుంది. అయితే పూర్తిగా పాత కొలతకు రాదు. అందుకే పేలిన కేసు ఆ రైఫిల్ చాంబర్‌కు అచ్చుపోసిన నమూనాలా ఉంటుంది. ఈ నమూనా విలువ తెలిసినవాడికి, తెలియనివాడికి మధ్య తేడాయే ఈ పని మొత్తం.

రీసైజింగ్ డై చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. వేలెడంత ఉక్కు కడ్డీకి బయట థ్రెడ్, లోపల కేసు ఆకారంలో తొలిచి, గట్టిపరచి, అద్దంలా పాలిష్ చేసిన బోలు. థ్రెడ్ కొలత ప్రపంచమంతా దాదాపు ఒకటే: వ్యాసం 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. దాన్ని ప్రెస్సు పైభాగంలో బిగిస్తారు. కింద ర్యామ్ మీద షెల్ హోల్డర్ ఉంటుంది, కేసు అంచును పట్టుకునేది అదే. మీట దించితే ర్యామ్ కేసును పైకి, డైలోకి నెడుతుంది. బోలు మధ్యలో కిందికి దిగిన సన్నటి కడ్డీ చివరి సూది, కేసు అడుగున మందును అంటించే పాత ప్రైమర్‌ను పొడిచి కింద పడేస్తుంది. కేసును మళ్లీ కిందికి లాగేటప్పుడు అదే కడ్డీ మీద ఉన్న చిన్న ఉక్కు బుడిపె మెడను లోపలి నుంచి సరైన వెడల్పుకు తెరుస్తుంది. ఒక్క మీట కదలికలో ఒళ్లు, మెడ కింది ఏటవాలు భుజం, మెడ, ప్రైమర్ గుంట నాలుగూ తేలిపోతాయి.

అమెరికాలో ఈ పని ఇంటి గ్యారేజీల్లో పెరిగింది. ఇవాళ పేరున్న ఆర్‌సీబీఎస్ కంపెనీని ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలుపెట్టాడు. రాక్‌చక్ అనే చిన్న జంతువును వేటాడే గుండ్లు తయారుచేసే డై ఆయన తొలి సరుకు, కంపెనీ పేరులోని మొదటి రెండక్షరాలు అక్కడివే. రెండో ప్రపంచ యుద్ధంలో తూటాలు బజారులో దొరకని రోజులవి. ఆ కొరతలోంచి వచ్చిన పనిముట్లను తర్వాత గురిపోటీల వాళ్లు అందుకుని వేరే ఎత్తుకు తీసుకెళ్లారు. బెంచ్‌రెస్ట్ పోటీల్లో 100 గజాల దూరాన అయిదు గుండ్లూ ఒకదానికొకటి తగులుతూ ఒకే కంతలా పడాలని పట్టుబడతారు. ఆ పట్టుదలకు కావలసిన మొదటి షరతు ప్రతి కేసూ చాంబర్‌లో ఒకేలా కూర్చోవడం.

ఇక డైని ఎలా పెట్టాలి? డబ్బాలో వచ్చే కాగితం చెప్పే పద్ధతి మామూలుగా ఇది: ర్యామ్‌ను పూర్తిగా పైకి లేపు, డై షెల్ హోల్డర్‌కు తగిలేదాకా తిప్పు, ఆ పైన ఇంకో ఎనిమిదో వంతో, నాలుగో వంతో చుట్టు తిప్పి బిగించు. ఎవరి రైఫిల్‌లోనైనా పట్టే కేసు దానితో వస్తుంది. పని తెలిసినవాడు మాత్రం ఆ పద్ధతికి ఒప్పుకోడు. లెక్క వేసి చూడండి. అంగుళానికి 14 చుట్లంటే ఒక చుట్టుకు డై దాదాపు 71 థౌలు దిగుతుంది. ఎనిమిదో వంతు చుట్టుకు దాదాపు 9 థౌలు. ప్రెస్సు ఫ్రేము సాగేదాన్ని పట్టుకోవడానికే ఆ అదనపు తిప్పుడు, నిజమే. కానీ మీ ప్రెస్సు ఎంత సాగుతుందో కాగితానికి తెలియదు. మీ చాంబర్ ఎంత లోతో అంతకన్నా తెలియదు. అక్కడ కేసు భుజం అవసరమైన దానికంటే అయిదారు థౌలు ఎక్కువ వెనక్కి నెట్టుకుపోతే కంటికి కనబడదు. ఫలితం నాలుగైదు కాల్పుల తర్వాత బయటపడుతుంది.

ఆ ఫలితం త్రీ నాట్ త్రీలో కనిపించినంత స్పష్టంగా ఇంకో తూటాలో కనిపించదు. 1888లో నల్ల తుపాకిమందు కాలంలో పుట్టిన తూటా అది. దాని అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, కేసు చాంబర్‌లో ఎంత లోపలికి వెళ్లాలో ఆ అంచే ఆపుతుంది. అంచు మందం 64 థౌలకు మించకూడదు. బోల్టుకు, చాంబర్ నోటికి మధ్య సందు 64 నుంచి మొదలై 74 థౌల దాకా పెరిగినా రైఫిల్‌ను సర్వీసులో ఉంచేవారు. పైగా బురద పట్టిన తూటా కూడా దూరాలని యుద్ధపు రైఫిళ్ల చాంబర్‌ను భుజం దగ్గర వదులుగా తొలిచారు. త్రీ నాట్ త్రీగా పిలిచే ఆ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో బోల్టు తాళం పడే చోటు ముందు కాకుండా వెనక ఉంటుంది, ఒత్తిడికి బోల్టు కూడా వెంట్రుకవాసి కుంగుతుంది. సిపాయికి ఇవన్నీ మేలే, కాల్చేసిన కేసుతో అతనికి పనిలేదు. ఆ కేసును మళ్లీ వాడాలనుకునేవాడికే తంటా.

పేలిన క్షణంలో కేసు ముందు గోడలు పలచన కాబట్టి ముందుగా చాంబర్‌ను పట్టుకుంటాయి. వెనక ఇంకా సందు ఉంటుంది, అడుగు భాగం వెనక్కి జరిగి బోల్టుకు తగులుతుంది. ఆ రెంటి మధ్య ఇత్తడి సాగాలి. అడుగుకు కాస్త పైన, మందపాటి లోహం పలచబడే చోట సాగుతుంది. డైలో భుజాన్ని బాగా వెనక్కి నెట్టిన ప్రతిసారీ తర్వాతి కాల్పులో అదే చోట మళ్లీ సాగుతుంది. కొన్నాళ్లకు అక్కడ బయట సన్నటి తెల్లని గీత తేలుతుంది. ఆ పైన ఇంకోసారి కాలిస్తే కేసు రెండు ముక్కలై ముందు ముక్క చాంబర్‌లోనే ఉండిపోవచ్చు, వాయువు వెనక్కి తన్నవచ్చు.

ఆ గీత తేలకముందే కనిపెట్టడానికి పాత పనివాళ్ల దగ్గర ఒక సాధనం ఉంది. సన్నని ఉక్కు తీగ చివర సూదిలా చెక్కి, కొనను లంబంగా కాస్త వంచుతారు. దాన్ని ఖాళీ కేసులోకి దించి, లోపలి గోడ మీద ఆనించి, అడుగు నుంచి పైకి మెల్లగా లాగుతారు. గోడ బాగుంటే కొన నున్నగా జారుతుంది. పలచబడ్డ చోట కాలువలాంటి పల్లంలో పడి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం వేలికి తెలుస్తుంది. కంటికి ఏమీ తెలియని దశలోనే చేతికి తెలిసిపోతుంది. అలా తెలిసిన కేసును పక్కన పెట్టి, మళ్లీ ఎవరూ వాడకుండా నోరు నలగ్గొట్టేస్తారు. ఇందులో పొదుపుకు చోటు లేదు.

లీ ఎన్‌ఫీల్డ్ ఇష్టపడేవాళ్లు మొదటి కాల్పుకే ఈ సాగుడును తప్పించే ఉపాయం కనిపెట్టారు. కొత్త కేసు అంచుకు ముందు చిన్న రబ్బరు వాషరు తొడుగుతారు. బోల్టు మూసినప్పుడు వాషరు నలిగి కేసును వెనక్కి, బోల్టు ముఖానికి ఆనించి పట్టుకుంటుంది. పేలినప్పుడు వెనక సందు ఉండదు. సాగవలసిన ఇత్తడి అడుగు దగ్గర కాకుండా ముందు భుజం దగ్గర సాగి చాంబర్ ఆకారం పడుతుంది. మెత్తటి చోట సాగితే నష్టం లేదు. ఇక నుంచి ఆ కేసును అంచు కాదు, భుజమే ఆపుతుంది. తయారుచేసినవాడు అంచు మీద ఆనేలా రూపొందించిన తూటాను డై సవరణతో భుజం మీద ఆనేలా మార్చేసినట్టే. రైఫిల్‌లో ఒక్క స్క్రూ కూడా కదపకుండా దాని లోపాన్ని ఇత్తడిలో సరిచేయడం నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చే సంగతి.

సవరణ ఇలా సాగుతుంది. ముందు అదే రైఫిల్‌లో కాల్చిన కేసుల ప్రైమర్లు తీసేస్తారు, ఎందుకంటే వెనక్కి ఉబికిన ప్రైమర్ కొలతను పాడుచేస్తుంది. అడుగు నుంచి భుజం మీద ఒక నిర్దిష్ట వ్యాసం దగ్గరికి ఎంత పొడవుందో కాలిపర్‌కు బిగించిన గేజితో కొలుస్తారు. భుజం ఏటవాలు కాబట్టి దాని మీద ఎక్కడో ఒక చోట గీత గీసుకోవాలి. ఆ గీతను గేజిలోని కంత వ్యాసమే నిర్ణయిస్తుంది. నాలుగైదు కేసులు కొలిచి పెద్ద అంకెను పట్టుకుంటారు. అది చాంబర్ చెప్పిన మాట. దానికంటే ఒకటి, రెండు థౌలు తక్కువ పొడవున కేసు రావాలి. బోల్టు తేలిగ్గా మూసుకోవడానికి ఆ కాస్త చాలు.

కొలత దగ్గర ఎండాకాలాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. మన కొత్తగూడెం, భద్రాచలం వైపు వేసవి తీవ్రత తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. వేడికి ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. 20 డిగ్రీల తేడా వస్తే, దాదాపు 45 మిల్లీమీటర్ల పొడవు మీద ఇత్తడి కేసుకూ ఉక్కు కాలిపర్‌కూ మధ్య పావు థౌ పైచిలుకు తేడా పడుతుంది. పట్టించుకోనక్కర్లేదనిపించే అంకే. రెండు థౌల పనిలో పావు థౌ అంటే ఎనిమిదో వంతు. అందుకే కేసులూ కాలిపరూ ఒకే నీడన ఉంచి కొలుస్తారు, చేతి వేడి తగలకుండా అంచు పట్టుకుంటారు.

ఇప్పుడు డైని షెల్ హోల్డర్‌కు తగలనివ్వకుండా, ఎత్తుగా పెట్టి ఒక కేసును నెడతారు. కొత్తవాళ్లను కంగారుపెట్టే వింత ఇక్కడే జరుగుతుంది. కేసును కొలిస్తే పొడవు తగ్గకపోగా పెరుగుతుంది. ముందు దూరిన చాంబర్‌లోకి ఇప్పుడు దూరదు. డై చెడిపోయిందేమో అనిపిస్తుంది. నిజానికి డై సరిగ్గా పనిచేస్తోంది. భుజానికి డై ఇంకా తగల్లేదు, ఒంటిని మాత్రం చుట్టూ నొక్కుతోంది. పిడికిట్లో పిండిన జొన్నపిండి ముద్ద వేళ్ల పైనుంచి ఉబికినట్టు, నొక్కిన ఇత్తడికి పోవడానికి పైకి తప్ప దారి లేదు. అందువల్ల భుజం ముందుకు జరుగుతుంది. డైని ఇంకొంచెం దించాక దాని లోపలి భుజం కేసు భుజాన్ని కలుస్తుంది, అక్కడి నుంచి పొడవు తగ్గడం మొదలవుతుంది. ఈ ఎక్కి దిగడాన్ని అర్థం చేసుకున్నవాడికి డై తాలూకు సగం విద్య వచ్చినట్టే.

ఆ తర్వాత దించే ప్రతి అడుగూ చిన్నది. డై ఒంటి చుట్టుకొలత దాదాపు 70 మిల్లీమీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు తిప్పితే డై ఒక థౌ దిగుతుంది. పనివాడు డై మీద, ప్రెస్సు మీద పెన్నుతో గీత పెట్టుకుని, గీతకు గీత జరుపుతూ వెళతాడు. ఒక మిల్లీమీటరు, ఒక కేసు, ఒక కొలత. మళ్లీ ఒక మిల్లీమీటరు. ప్రతిసారీ కొత్త కేసు తీసుకుంటాడు. ఒకసారి నొక్కిన కేసును మళ్లీ నొక్కితే అది చెప్పే అంకె వేరు.

కాలిపర్ మాట ఒకటి, రైఫిల్ మాట ఒకటి. చివరి తీర్పు రైఫిల్‌దే. బోల్టులోంచి ప్రైమర్‌ను కొట్టే స్ట్రైకర్, దాని స్ప్రింగు విప్పేస్తారు. ఇప్పుడు బోల్టు పిడికి సొంత బరువు తప్ప ఇంకేమీ అడ్డు ఉండదు. ఖాళీ చాంబర్‌లో దాన్ని మూస్తే పిడి దానంతటదే కిందికి వాలుతుంది. నొక్కని కేసు పెడితే సగంలో ఆగి, వేలితో తోస్తే గాని దిగదు. డైని దించుతూ పోతే ఆ ఆగే చోటు కిందికి, ఇంకా కిందికి జరుగుతుంది. చివరికి ఒక కేసు దగ్గర పిడి దాదాపు దానంతటదే వాలి, ఆఖరి కొసలో మాత్రం సన్నటి రాపిడి తగులుతుంది. అనుభవమున్న చెయ్యి అక్కడ ఆగి, ఇంకొక్క మిల్లీమీటరు తిప్పి బిగిస్తుంది. ఇక్కడ చూపుడు వేలు చూసే తేడా ఒక థౌ లోపలిది. మంచి కాలిపర్‌ను రెండుసార్లు పెడితే రెండు అంకెలు చూపించే చోట వేలు తప్పు చెప్పదు.

మధ్యలో రెండు చిన్న విషయాలు. డైలోకి వెళ్లే ప్రతి కేసుకూ జిడ్డు పూయాలి, లానోలిన్ లాంటిది వేళ్ల మధ్య పలచగా రుద్ది. ఎక్కువైతే అది భుజం దగ్గర చేరి, పోవడానికి దారిలేక ఇత్తడినే లోపలికి నొక్కి గుంట పెడుతుంది. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుని, లాగితే అంచు ఊడి వస్తుంది. రెండోది ప్రెస్సు ఫ్రేము సాగడం. గట్టి కేసును నెట్టి మీటను కింద పట్టుకుని, వెనక దీపం పెట్టి చూస్తే డైకీ షెల్ హోల్డర్‌కూ మధ్య సన్నటి వెలుగు గీత కనబడవచ్చు. ఇనుము కూడా కాస్త సాగుతోందన్నమాట. అందుకే మీట అడుగున ఒకట్రెండు సెకన్లు ఆగడం కొందరి అలవాటు. ప్రతి కేసుకూ అదే ఆగుడు ఉంటే కొలతలు ఒకదానికొకటి దగ్గరపడతాయి.

డై కదలకపోయినా కేసులు మారతాయి. ప్రతి కాల్పుకూ, ప్రతి నొక్కుడుకూ మెడ, భుజం ఇంకొంచెం గట్టిపడతాయి. గట్టి ఇత్తడి డైలోంచి బయటికి రాగానే ఎక్కువ వెనక్కి లేస్తుంది. మొదటిసారి రెండు థౌలు వెనక్కి జరిగిన భుజం, అయిదోసారి అదే డై, అదే బిగింపుతో ఒక థౌ కూడా జరగకపోవచ్చు. తీగ లాగే కంసాలికి ఇది చెప్పక్కర్లేదు. కమ్మచ్చు కంతల్లోంచి తీగను రెండు మూడుసార్లు లాగాక అది మొండికేస్తే, కాల్చి ఎర్రబరచి మళ్లీ మొదలుపెడతాడు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చేవాళ్లు కూడా రేకు బిగుసుకుంటే మంటకు చూపిస్తారు. కేసుతో చిక్కు ఏమిటంటే మెడను కాల్చాలి, అడుగును కాల్చకూడదు. అడుగు మెత్తబడితే అన్ని వేల పౌండ్ల ఒత్తిడిని ఆపేది ఇక ఏదీ ఉండదు. పాత పద్ధతిలో కేసులను పళ్లెంలో నీళ్లలో సగం మునిగేలా నిలబెట్టి, మెడ మీద మంట ఆడించి, రంగు తిరగగానే నీళ్లలోకి పడదోసేవారు. ఇప్పుడు 400 డిగ్రీల దగ్గర కరిగే రంగు గీత పెట్టి సమయం లెక్కపెడతారు. మెడ ఎర్రగా మెరిసేదాకా ఆగారంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఇత్తడిలో దాక్కునే ఒత్తిడి ఎంత పని చేస్తుందో లోకానికి తెలిసింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసిన తూటాల కేసులు, ఎవరూ ముట్టుకోకుండానే, మెడ దగ్గర నిలువునా పగిలిపోయేవి. వానాకాలం పోయాక తీసి చూస్తే చీలికలు కనిపించేవి. దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పడింది. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, కేసు తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే చీలిక వస్తుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ తమ పరిశోధనలో వివరించారు. మందు కూడా సులువే: తక్కువ వేడి మీద కాల్చి ఆ ఒత్తిడిని దించేయడం, పొడి చోట దాచడం. గోదావరి ఒడ్డున వానాకాలమంతా తడి ఆరని ఈ ఊళ్లలో ఇత్తడి చెంబు మీద కిలుం తోముకునే ఇల్లాలికి అమోనియా సంగతి తెలియకపోవచ్చు, కానీ తేమ ఇత్తడిని ఏం చేస్తుందో తెలుసు.

ఇంత విద్య ఉన్న పని ఇక్కడ ఎందుకు కనబడదు? మనకు తెలిసిన గురిపోటీలు వేరే దారిలో నడిచాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ పోటీ గాలి రైఫిల్‌ది, అందులో కేసే లేదు. మిగతా పోటీల్లో ఎక్కువగా వాడే పాయింట్ టూటూ తూటాలో ప్రైమర్ మందు అంచు లోపలే పూస్తారు. ఒకసారి పేలాక ఆ అంచు నలిగిపోతుంది, దాన్ని మళ్లీ సరిచేయడం కుదరదు. పోలీసుల త్రీ నాట్ త్రీ కేసుల అడుగు చూస్తే ఇంకో కారణం కనిపిస్తుంది. మధ్యలో ఒక రంధ్రం బదులు పక్కలకు రెండు సన్నటి రంధ్రాలుంటాయి. బెర్డన్ పద్ధతి అది. డైలోని సూది మధ్యకు దిగి అక్కడ గట్టి ఇత్తడికి తగిలి విరిగిపోతుంది. ఒకే రంధ్రం పెట్టే బాక్సర్ పద్ధతి డై పనికి అనుకూలం. విచిత్రం, బెర్డన్ అమెరికన్, బాక్సర్ ఇంగ్లిష్ సైనికాధికారి. బెర్డన్ పద్ధతి ఐరోపా వైపు, బాక్సర్ పద్ధతి అమెరికా వైపు స్థిరపడిపోయాయి.

చట్టం సంగతీ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, తూటా భాగాలూ ఆ నిర్వచనంలోకే వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అడవిలో వేటకు పాత రోజుల చోటు లేదు. కిన్నెరసాని పరిసరాల్లో అప్పుడప్పుడూ పట్టుబడే నాటు తుపాకులకూ ఈ పనికీ సంబంధం లేదు. వాటిలో మందును గొట్టం ముందు నుంచి దట్టిస్తారు, ఇత్తడి కేసే ఉండదు. ఈ నేల మీద తూటా ఎప్పుడూ లెక్కకు సంబంధించిన వస్తువే. భద్రాచలానికి తూర్పున మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది తుపాకులూ తూటాల కోసమే. ఇవాళ్టికీ ఫైరింగ్ రేంజిలో కాల్పులు అయ్యాక కానిస్టేబుళ్లు గడ్డిలో వెతికి ఖాళీ కేసులు ఏరుతారు. ఎన్ని ఇచ్చారో అన్ని తిరిగి లెక్క అప్పజెప్పాలి.

కాబట్టి ఈ పనిని మన దగ్గర చేయమని చెప్పడానికి కాదు ఈ పరిచయం. కమ్మచ్చు పట్టే కంసాలిని, లేతు మీద అర థౌ కోసం కోత ఆపే టర్నర్‌ను ఎలా మెచ్చుకుంటామో అలా చూడదగిన పని ఇది. డైకి ఉన్న బలం చాలా ఎక్కువ. మీట నొక్కితే ఎంత ఇత్తడినైనా ఎక్కడికైనా నెట్టేస్తుంది. పనివాడి గొప్పతనమంతా ఆ బలాన్ని వాడకపోవడంలో ఉంది.

చివరగా బిగింపు. సరైన చోటు దొరికాక లాక్ రింగును ఊరికే బిగిస్తే డై థ్రెడ్ల మధ్య ఉన్న వదులు వల్ల పక్కకు ఒరిగి అర థౌ తేడా తెస్తుంది. అందుకని ఒక కేసును డైలోకి పూర్తిగా నెట్టి, ఆ ఒత్తిడి మీదే ఉంచి రింగును బిగిస్తారు. కేసే డైని నిటారుగా, మధ్యగా నిలబెడుతుంది. రింగు పక్క స్క్రూ తిప్పాక డై విప్పి పెట్టెలో పెట్టినా, ఇంకోరోజు తెచ్చి పెట్టినా అదే చోటికి వస్తుంది. డైని ముట్టుకోకుండా కొలత మార్చాలంటే ఇంకో దారి ఉంది: రెండు థౌల చొప్పున ఎత్తు మారుతూ, రెండు నుంచి పది థౌల దాకా అయిదు షెల్ హోల్డర్ల సెట్టు దొరుకుతుంది. డై షెల్ హోల్డర్‌కు గట్టిగా ఆనే ఉంటుంది, మారేది ఆ కింది ముక్క మాత్రమే. పెట్టె మీద పనివాడు రాసుకునేది ఒక్క వరస: ఏ రైఫిల్, ఏ కేసుల బ్యాచి, ఎన్నోసారి కాల్పు, ఎన్ని థౌలు. అయిదోసారి కాల్చాక మెడలు కాల్చి మెత్తబరిస్తే ఆ వరస కొట్టేసి, పిడి వాలే తీరు మళ్లీ వేలితో చూసి, కొత్త అంకె రాస్తాడు.